గజ్జె మోగాలంటే: పేరిణి నాట్యం, కంచు పోత – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో, కాకతీయుల నాటిదిగా చెప్పే పేరిణి నాట్యం మీద వచ్చిన వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. నాట్యం గురించి అడిగినవీ, లోహపు పని గురించి అడిగినవీ వేరు చేయలేదు. పేరిణిలో గజ్జె మోత నాట్యంలోనే ఒక అంగం. లోహం బాగా లేకపోతే ఆ అంగం లోపించినట్టే.

ప్రశ్న: మా దగ్గర పిల్లలు పేరిణి నేర్చుకుంటున్నారు. మూడు చోట్ల కొన్న గజ్జెలు మూడు రకాలుగా మోగుతున్నాయి. ఒకటి ఖంగుమంటుంది, ఒకటి బొంగురుగా ఉంది, ఇంకొకటి డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుంది. అమ్మినవాళ్ళు మాత్రం అన్నీ ఇత్తడే అన్నారు. ఏవి కొనాలి? – నాట్య గురువు, హనుమకొండ

జవాబు: అమ్మా, బజారులో గజ్జెలు ముఖ్యంగా మూడు రకాలు. రేకును రెండు గిన్నెల్లా నొక్కి, లోపల ఇనుప గుండు వేసి, నడుమ అంచులు మడిచి మూసినవి ఒక రకం. పోత ఇత్తడివి రెండో రకం. పోత కంచువి మూడో రకం. మీరు ఖంగుమంటున్నాయన్నవి చాలావరకు కంచువే అయి ఉంటాయి.

గుర్తుపట్టడానికి ముందు అయస్కాంతం పెట్టి చూడండి. లోపలి ఇనుప గుండు కొద్దిగా లాగుతుంది, అది సహజం. గజ్జె మొత్తం గట్టిగా అతుక్కుంటే మాత్రం అది ఇనుప రేకు మీద ఇత్తడి పూత. వెంటనే తిరిగి ఇచ్చేయండి. తర్వాత నడుమ చుట్టూ అతుకు గీత ఉందేమో చూడండి. ఉంటే అది రేకు గజ్జె. ఒక గజ్జెను దారంతో వేలాడదీసి మేకుతో తాకించండి. కంచు మోత సాగుతుంది, ఇత్తడిది త్వరగా ఆగిపోతుంది. ఆకురాయితో ఒక మూల గీస్తే ఇత్తడి పసుప్పచ్చగా కనిపిస్తుంది. తగరం ఎక్కువున్న కంచు కొంచెం పాలిపోయి కనిపిస్తుంది.

ఇంతకంటే కచ్చితంగా తెలియాలంటే నత్రికామ్లం పరీక్ష ఉంది. రజను పొడిని ఆమ్లంలో వేస్తే ఇత్తడి పూర్తిగా కరిగి నీలి ఆకుపచ్చ ద్రవం మిగులుతుంది. కంచులోని తగరం కరగక తెల్లటి మడ్డిగా అడుగున నిలుస్తుంది. అప్పుడు లేచే గోధుమ రంగు పొగ ఊపిరితిత్తులకు విషం. ఇది ఇంట్లో చేసే పని కాదు, లోహ పరీక్షలు చేసేవారి దగ్గరకే తీసుకెళ్ళండి.

బొంగురుతనానికి ఎక్కువగా కారణం సీసం. లేత్ పనికి వాడే ఇత్తడి కడ్డీల్లో, చెక్కుడు తేలికగా సాగడానికి, నూటికి రెండు మూడు పాళ్ళ సీసం కలుపుతారు. ఆ తుక్కు కరిగించి గజ్జెలు పోస్తే సీసం రాగిలో కలిసిపోదు. చిన్న చిన్న బొట్లుగా లోహమంతటా నిలిచి కంపనాన్ని మింగేస్తుంది. గోడ మరీ మందమైనా, లోపలి గుండు దొర్లడానికి చోటు లేనంత పెద్దదైనా మోత మూగబోతుంది.

నాట్యం మీద పాత సంస్కృత గ్రంథమైన అభినయదర్పణంలో గజ్జెలకు చెప్పిన లక్షణం ఇప్పటికీ కొలతకు పనికొస్తుంది. కంచుతో చేసినవై, మంచి స్వరం పలికేవై, ఒక్కో అంగుళం ఎడంతో, నీలిదారంతో గట్టి ముడులు వేసి, కాలికి నూరు గానీ రెండు నూర్లు గానీ కట్టాలని ఉంది. అంగుళాన్ని సుమారు 1.9 సెంటీమీటర్లనుకుంటే నూరు గజ్జెల వరస దాదాపు 1.9 మీటర్లు వస్తుంది. పాతిక సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న కాలికి అది ఏడు చుట్లకు పైమాట. అంటే చీలమండ దాటి పిక్కదాకా ఎక్కుతుంది.

కొనేటప్పుడు ఒకే పోతలో వచ్చినవి కొనండి. జత కట్టే ముందు ఒకటి నమూనాగా వేలాడదీసి, మిగతావాటిని దానితో పోల్చి విని ఏరండి. నూటికి ఇరవై పక్కన పెట్టాల్సి వచ్చినా బాధపడకండి, ఏరకుండా కట్టిన గజ్జెలతో లయ స్పష్టంగా పలకదు.

ప్రశ్న: కాకతీయ సైనికులు యుద్ధానికి వెళ్ళే ముందు పేరిణి ఆడేవారని అందరూ అంటారు. దీనికి ఆధారం ఏమిటి? – డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: మంచి ప్రశ్న. ఇందులో గ్రంథం చెప్పేది, శిల్పం చూపేది, సంప్రదాయంగా చెప్పుకొనేది విడివిడిగా చూడాలి.

గ్రంథాల్లో ప్రధానమైనది జాయప సేనాని నృత్తరత్నావళి. 1253–54 ప్రాంతపు రచన. జాయప దివిసీమకు చెందిన అయ్య వంశీకుడు. అతని చెల్లెళ్ళు నారాంబ, పేరాంబలను కాకతీయ రాజు గణపతిదేవుడు పెళ్ళాడి, అతణ్ని గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా నియమించాడు. కాబట్టి పేరిణికి సైన్యంతో కచ్చితంగా చెప్పగల సంబంధం ఒకటుంది: దాని లక్షణం రాసినవాడే సేనాని. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి నాలుగు మార్గ (శాస్త్రీయ) సంప్రదాయానికి, తర్వాతి నాలుగు దేశి (ప్రాంతీయ) సంప్రదాయానికి. పేరణి (గ్రంథాల్లో పేరిణిని ఇలా రాస్తారు) దేశి భాగంలో వస్తుంది.

అదే శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో పేరణికి అయిదు అంగాలు చెప్పాడు. ఘర్ఘరం అంటే గజ్జెల మోతను పాదంతో రకరకాలుగా పలికించే నేర్పు. విషమం అంటే ఒడలు విరిచే కష్టసాధ్యమైన కదలికలు. భావాశ్రయం వికృత వేషాలనూ చేష్టలనూ అనుకరించి నవ్వించడం. కవిచారం నాయకుణ్ని కీర్తించడం. చివరిది గీతం. ఆడేవాడు ఒంటికి బూడిద వంటి తెల్లని పూత పూసుకుని, శిఖ మాత్రం ఉంచి తల గొరిగించుకుని, పిక్కలకు గజ్జెల వరసలు కట్టుకుని ఉంటాడని వర్ణించాడు. పై జవాబులో మేం వేసిన ఏడు చుట్ల లెక్క ఈ వర్ణనకు సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఈ అయిదు అంగాల్లో యుద్ధభూమి లేదు. హాస్యం ఉంది, పాట ఉంది, స్తుతి ఉంది. ఇది సభలో గానీ గుడి ముందు గానీ పూర్తి ప్రదర్శనగా నడిచే కళ. విషమంలో కావలసిన దేహబలం, తాండవపు ఉద్ధతి చూస్తే కసరత్తు చేసినవాళ్ళకే సాధ్యమని తెలుస్తుంది. నాయక స్తుతి వీరుల కొలువుకు తగినదే. వీటన్నిటి వల్ల సైనికుల నాట్యమన్న మాట అర్థవంతమైన సంప్రదాయం. దాన్ని సంప్రదాయంగానే చెప్పాలి, శాసనంలో చూసినట్టు చెప్పకూడదని మా అభిప్రాయం.

శిల్పానికి వస్తే పాలంపేటలోని రామప్ప గుడి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి నర్తకుల, మద్దెల వాద్యకారుల వరసలు భంగిమలు చూపిస్తాయి. ఒక భంగిమ నుంచి ఇంకొక భంగిమకు పాదం ఎలా వెళ్ళిందో రాయి చెప్పదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక ఆ మధ్య దారిని నేర్పే గురుపరంపర తెగిపోయింది. నటరాజ రామకృష్ణ (1923–2011) ఇరవయ్యో శతాబ్దంలో నృత్తరత్నావళిని, రామప్ప శిల్పాలను పక్కపక్కన పెట్టుకుని పేరిణి శివతాండవాన్ని మళ్ళీ కూర్చారు. మనం ఈ రోజు చూసేది ఆయన పునర్నిర్మాణం. ఎనిమిది వందల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా వచ్చిందని చెబితే ఆయన చేసిన అసాధారణమైన పనిని తక్కువ చేసినట్టవుతుంది.

ప్రశ్న: మాది చిన్న పోతపని. ఇన్నాళ్ళూ గుడి గంటలు, దీపపు కుందులు పోశాం. ఒక నాట్య పాఠశాలవారు కంచు గజ్జెలు కావాలన్నారు. మైనపు అచ్చుతో ఇరవయ్యేసి గజ్జెల గుత్తులు పోస్తే ఒక్కో గుత్తిలో ఆరేడు నిండడం లేదు. కొన్నింటికి ఒక పక్క చిల్లు పడుతోంది. కొన్నింట్లో గుండు గోడకు అతుక్కుపోతోంది. – జనగామ జిల్లా

జవాబు: అన్నా, మీరు చెప్పిన మూడు లోపాలకూ మూడు వేర్వేరు కారణాలు.

చిల్లు సంగతి ముందు. మైనపు అచ్చులో లోపల మట్టి గుండు, దాని మీద మైనం, ఆపైన బయటి మట్టి ఉంటాయి; మైనం కరిగి కారిపోయిన ఖాళీలోకి లోహం పోస్తాం. గజ్జె లోపలి మట్టి గుండు, మైనం కరిగిపోయాక, ఒక్క కింది చీలిక దగ్గరే బయటి మట్టిని పట్టుకుని నిలుస్తుంది. చీలిక సన్నగా ఉంటే పట్టు చాలక, లోహం పోసినప్పుడు పక్కకు జరుగుతుంది. జరిగిన వైపు గోడ పలచబడి చిల్లు పడుతుంది, ఎదుటి వైపు మందమవుతుంది. చీలికను ఒక గీతగా కాకుండా కూడలి ఆకారంలో నాలుగు వైపులకూ కోయండి. ఇంకా భయముంటే మైనం గోడలోంచి లోపలి మట్టిలోకి సన్న ఇత్తడి తీగ ముక్కలు రెండు గుచ్చి, బయట మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలేయండి. బయటి మట్టి వాటిని పట్టుకుంటుంది. పోశాక ఆకురాయితో చదును చేసుకోవచ్చు.

మైనం మందం అంతటా సమంగా రావడానికి ఆసిఫాబాద్ ప్రాంతపు ఓజా కళాకారుల పద్ధతి చూడండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా (మైనపు అచ్చు పోత) పని అదే. వారు మైనాన్ని సన్న తీగగా లాగి మట్టి గుండు మీద పక్కపక్కనే చుడతారు. తీగ ఒకటిన్నర మిల్లీమీటరుంటే గోడ కూడా అంతే వస్తుంది. మైనంలో కలిపే గుగ్గిలం ఎండాకాలంలో పెంచండి, చలికాలంలో కాస్త నూనె పెంచండి. లేకపోతే ఎండకు తీగ జారిపోతుంది, చలికి విరిగిపోతుంది.

ఇనుప గుండు అతుక్కోవడానికి కారణం అది మట్టి నడుమ లేకపోవడమే. కరిగిన కంచుకు ఇనుము కరగదు, కానీ గుండు మైనానికి ఆనుకుని ఉంటే లోహం దాని చుట్టూ గట్టిపడి పట్టేస్తుంది. గుండును ముందు పలచటి ఒండ్రు నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. తర్వాత మట్టిని రెండు దొప్పలుగా చేసి, గుండును నడుమ ఉంచి కలపండి. చుట్టూ కనీసం మూడు మిల్లీమీటర్ల మట్టి ఉండాలి. ఈ లోపలి మట్టిలో ఊక, పేడ ఎక్కువగా కలపండి. కాలాక అవి మాడి మట్టి గుల్లబారుతుంది, పోశాక నీళ్ళలో నానబెట్టి ఆరెతో తేలిగ్గా తోడేయవచ్చు.

నిండకపోవడం అసలు సమస్య. గంట గోడ మందం, గజ్జె గోడ పలచన. గంటకు సరిపోయిన వేడి దీనికి చాలదు. నూటికి 22 పాళ్ళ తగరమున్న కంచు దాదాపు 870–880 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటరు గోడకు 1050 ప్రాంతంలో పోయండి. అచ్చు చల్లగా ఉంటే ఆ వేడి కూడా వృథాయే. మైనం కారిపోయాక అచ్చును 600 డిగ్రీలు దాటించి కాల్చి, పోసేటప్పటికి 500కు తగ్గకుండా చూసుకోండి. చీకటి మూల చూస్తే గొంతు (లోహం పోసే దారి) లోపల సన్నగా ఎర్రదనం కనిపించాలి. లోపల నల్లగా ఉంటే మైనపు మసి మిగిలినట్టే. ఆ మసి వాయువు పోయే దారులను మూసేస్తుంది. ప్రతి గజ్జె కొసనుంచి పైకి సన్నటి గాలి దారి పెట్టండి. దారి లేని గజ్జెలో గాలి చిక్కుకుని లోహాన్ని రానివ్వదు. మీ ఆరేడూ గుత్తి చివరవే అయితే అచ్చు చల్లబడడమే కారణం, చెదురుమదురుగా ఉంటే గాలే కారణం.

లోహం లెక్క ఇలా వేసుకోండి. మైనపు గుత్తిని, గొంతుతో సహా, తూచి తొమ్మిదితో గుణించండి. 90 గ్రాముల మైనానికి 810 గ్రాముల కంచు. మూసలో (లోహం కరిగించే పాత్రలో) మిగిలేదీ తెట్టుగా పోయేదీ కలిపి వందకు పదిహేను చేర్చితే సుమారు 930 గ్రాములు.

పది కిలోల కంచుకు 7.8 కిలోల రాగి, 2.2 కిలోల తగరం. రాగిని ముందు బొగ్గు కప్పు కింద కరిగించండి. 15 పాళ్ళ భాస్వరమున్న రాగిని 20 గ్రాములు వేసి కలియబెట్టండి. రాగిలో కలిసిన ఆక్సిజన్‌ను అది లాగేస్తుంది. తగరం చివర వేయాలి. ముందే వేస్తే రాగిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరలుగా మారుతుంది, ఆ పొరలు గోడలో చిక్కి గజ్జె పగులుతుంది. బొగ్గు తడిగా ఉంటే హైడ్రోజన్ చేరి సూది బెజ్జాలు పడతాయి, అందుకే కొలిమి పక్కనే ఆరబెట్టి వాడండి. తగరం 22 దాటనివ్వకండి, గజ్జె మరీ పెళుసవుతుంది. సిమెంటు నేల మీద రోజూ సాధన చేసేవాళ్ళకైతే 18–20 మేలు. మోత కొంచెం తగ్గినా గజ్జె నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. పాత గజ్జెలు కరిగించేటప్పుడు వాటి పొట్టలో తేమ ఉంటుంది. అలాగే మూసలో వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. ప్రతి గజ్జెనూ చితక్కొట్టి, కొలిమి అంచున బాగా వేడెక్కించాకే వేయండి. సిమెంటు నేల మీద నిలబడి పోయకండి. లోహం ఒలికితే సిమెంటులోని తేమ పెచ్చులుగా పేలుతుంది. పొడి ఇసుక పరచుకోండి. పాత వాటిలో ఇత్తడి కలిస్తే, 907 డిగ్రీలకే మరిగే జింకు తెల్లటి పొగగా లేస్తుంది. ఆ పొగ పీల్చినవాళ్ళకు కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే ఏమీ కాదనే నమ్మకంతో పొగలో నిలబడకండి. గాలి వాలు చూసి, గాలికి ఎగువన నిలబడి పని చేయండి.

ప్రశ్న: రేకు గజ్జెలు రెండేళ్ళు పెట్టెలో దాచాం. ఎవరూ తొక్కలేదు, కొట్టలేదు. తీసి చూస్తే చాలావాటికి మడత అంచుల దగ్గర నెర్రెలు. – నెల్లూరు

జవాబు: ఇత్తడి రేకును చల్లగా నొక్కి మడిచినప్పుడు లోహంలో బిగువు మిగిలిపోతుంది. తేమ, అమ్మోనియా తోడైతే ఆ బిగువున్న చోటే ఇత్తడి తనంతట తాను పగులుతుంది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటాలు వానాకాలంలో ఇలాగే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని తర్వాత తేలింది.

మీ పెట్టె పశువుల కొట్టం పక్కన గానీ, ఎరువుల బస్తాల దగ్గర గానీ ఉందేమో చూడండి. అమ్మోనియా ఉన్న పాలిష్‌తో తుడిచి కడగకుండా దాచినా ఇదే జరుగుతుంది. పగిలినవి బాగుపడవు. కొత్తగా రేకు గజ్జెలు చేయించుకుంటే, పట్టీకి కుట్టకముందే 250–300 డిగ్రీల మధ్య ఒక గంట వేడి చేయించమని అడగండి. బిగువు పోతుంది, గట్టిదనం పోదు. రంగు కొద్దిగా మారితే తోమితే పోతుంది. జింకు నూటికి 15 కంటే తక్కువున్న ఇత్తడికి ఈ జబ్బు చాలా అరుదు.

ప్రశ్న: చింతపండు, ఉప్పు పట్టించి రాత్రంతా ఉంచితే ఇత్తడి గజ్జెలు గులాబి రంగుకు వచ్చాయి. – తెనాలి

జవాబు: పులుసు పై పొరలోని జింకును ఎక్కువగా లాగేసింది, రాగి మిగిలింది. పైపైనే కాబట్టి మెత్తటి పొడితో తోమితే పసుపు రంగు తేలుతుంది. ఇకనుంచి రెండు మూడు నిమిషాలకు మించి ఉంచకండి. పట్టీ విప్పాకే కడగండి, చీలికలోంచి నీరంతా దులిపి ఎండలో ఆరబెట్టండి. లోపలి ఇనుప గుండు తుప్పు పడితే గజ్జె పైకి ఎంత మెరిసినా మోత పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు. పేరిణి మొదలుపెట్టాడు. కాలికి ఎన్ని గజ్జెలు కట్టాలి? – డాలస్

జవాబు: శాస్త్రం చెప్పిన నూరు పెద్ద నర్తకులకు. పది గ్రాముల గజ్జెలైతే నూరింటి బరువు కిలో. పిల్లలకు కాలికి పాతిక, అదీ అడుగులు కుదిరాక. ముందే కడితే తప్పు అడుగు మోతలో కలిసిపోయి గురువుకు వినపడదు. ఆ వయసులో ఘర్ఘరం కంటే మడమ, మునివేళ్ళు విడివిడిగా పలకడం ముఖ్యం.

ప్రశ్న: మా బృందం దగ్గర పాత ఇత్తడి కొమ్ము ఉంది. రెండు ముక్కలు కలిసే చోట గాలి పోతోంది. రేడియో రిపేరు చేసే ఆయన టంకం వేస్తే నెల తిరక్కుండా ఊడింది. – సిద్దిపేట

జవాబు: ఆ టంకం తగరం, సీసం కలిసినది. 183 డిగ్రీలకే కరిగేంత మెత్తన. కొమ్మును ఎత్తి ఊదేటప్పుడు అతుకు మీద పడే బరువును అది మోయలేదు. నోటితో ఊదే వాయిద్యానికి సీసం అసలే వద్దు.

వెండి టంకం వేయించండి. 650–700 డిగ్రీల మధ్య కరుగుతుంది. కొమ్ము ఇత్తడి అంతకంటే రెండు వందల డిగ్రీల పైన కరుగుతుంది కాబట్టి భయం లేదు. ఇత్తడి టంకం మాత్రం వద్దనండి. దాని కరుగుదల కొమ్ము కరుగుదలకు మరీ దగ్గర.

ముందు పాత టంకాన్ని పూర్తిగా గీకించాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మిగిలిపోయిన సీసం ఆ ఎర్ర వేడిలో ఇత్తడి రేణువుల మధ్యకు చొరబడి గొట్టాన్నే పెళుసు చేస్తుంది. అతుకు ఊడిన చోట ఈసారి కొమ్మే చిరుగుతుంది. గీకాక రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి బిగుతుగా దిగాలి, సందు కాగితం మందం మించకూడదు. వెలిగారం ముద్ద పూసి, మంటను అతుకు చుట్టూ తిప్పుతూ సమంగా వేడెక్కించాలి. టంకం తీగను మంటకు చూపకుండా వేడెక్కిన ఇత్తడికే తాకించాలి, అప్పుడు సందులోకి తానే పీల్చుకుంటుంది. వేడి తగిలిన మేర గొట్టం మెత్తబడుతుంది, చల్లారేదాకా కొమ్మును నిలువుగా ఆనించకండి, నొక్కు పడుతుంది. గాజులా గట్టిపడిన వెలిగారం పెంకును వేడినీళ్ళలో నానబెట్టి వదిలించాక, ఒక కొస మూసి నీళ్ళు నింపి చూడండి. ఆ పెంకు ఉండగా చేసిన పరీక్ష నమ్మకండి, కారే సందును కొన్నాళ్ళు అదే మూసి ఉంచుతుంది.